తెల్లవారుజాము బస్సు తరఫున

బస్సు వంతెన దిగేసరికి లోపల అందరూ నిద్రలో ఉన్నారు. ఒకరి తల ఒకరి భుజం మీద, ఒకరి సంచి ఇంకొకరి ఒళ్ళో. మెలకువగా ఉన్నది డ్రైవరు, కండక్టరు బాబాయి, గంటక్క.

గంటక్క అసలు పేరు ఆ బస్సులో ఎవరికీ అక్కర్లేకపోయింది. అందరికన్నా చివర దిగేది ఆమె కాబట్టి అందర్నీ లేపే పని ఆమెకే పడింది. ఎవరూ ఒప్పగించలేదు. ఒకసారి ఎవరినో లేపింది, మర్నాడు పక్కసీటామె "నన్నూ లేపమ్మా" అంది, అలా అలా బస్సంతా ఆమె మీద భారం వేసి పడుకోవడం అలవాటు చేసుకుంది. ఎవర్ని ఎలా లేపాలో ఆమెకు తెలుసు. లాండ్రీలో పనిచేసే పిల్లని పేరు పెట్టి పిలిస్తే చాలు. ముసలి వాచ్‌మన్ తాతని తాకితే ఉలిక్కిపడతాడు, అందుకని ముందు సీటు కడ్డీ మీద గోటితో కొడుతుంది. బేకరీ పిన్నిని మాత్రం మోకాలు పట్టుకుని కుదపాల్సిందే. స్టాపు దాటిపోతే వెనక్కి నడవాలి, ఆలస్యమైతే ఆ పూట పని ఇంకొకరికి ఇచ్చేస్తారు.

"పిన్నీ, లే. మలుపొచ్చింది."

పిన్ని ఒక కన్ను తెరిచింది. "ఏమే గంటా, మీటింగు ఇవాళేగా?"

"ఇవాళే. పని కాగానే అటునుంచి అటే."

మునిసిపాలిటీవాళ్ళు ఈ బస్సో మధ్యాహ్నం బస్సో, రెండింట్లో ఒకటి ఆపేస్తామన్నారు. ఏది ఆపినా గొడవేనని వాళ్ళకీ తెలుసు. ఇంతలో యూనివర్సిటీలో పరిశోధన చేసేవాళ్ళు ముందుకొచ్చారు. ఊళ్ళో జనం పేర్లు లాటరీ తీసి, వచ్చినవాళ్ళని రెండు రోజులు కూర్చోబెట్టి, ఏది ఉంచాలో వాళ్ళచేతే తేల్పిద్దామన్నారు. తేల్చినదాన్ని పాటిస్తామని మునిసిపాలిటీ ఒప్పుకుంది. ఆ లాటరీలో గంటక్క పేరు వచ్చింది.

"నువ్వు మా తరఫున వెళ్తున్నావ్, మరిచిపోకు," అంది పిన్ని సంచి భుజాన వేసుకుంటూ.

"ఎవరి తరఫునా కాదట పిన్నీ. ఎవరి మాట వాళ్ళే చెప్పుకోవాలట. వాళ్ళు ఫోన్ చేసి మరీ చెప్పారు."

"ఎవరి తరఫునా కాకపోతే వెళ్ళి ఏం చేస్తావ్? టీ తాగి వస్తావా?"

ముందు సీట్లో ఎవరో కళ్ళు మూసుకునే నవ్వారు. కండక్టరు బాబాయి తలుపు తీసి పట్టుకుని, "గంటక్క నోరు తెరిస్తే ఆ హాల్లో ఎవరూ పడుకోలేరులే, దిగు తల్లీ," అన్నాడు.

పిన్ని మెట్టు మీద ఆగింది. "నవ్వులాట కాదే. ఈ బస్సు పోతే నాకు వేరే దారి లేదు. నీకూ లేదు." అని దిగిపోయింది.

లేదన్న మాట నిజం. గంటక్క తుడిచేది ఆరంతస్తుల ఆఫీసు. ఉద్యోగులు వచ్చేసరికి నేల తుడవడమే కాదు, ఆరిపోయి ఉండాలి. తడి నేల మీద ఎవరి కాలు జారినా మాట పడేది తుడిచిన మనిషే. "తర్వాతి బస్సుకి వస్తానంటే ఇంకొకర్ని చూసుకుంటాం," అని సూపర్‌వైజరు ముందే చెప్పేశాడు. కోపంగా కూడా చెప్పలేదు.

ఆ రోజు లిఫ్టు ముందు నేల తుడుస్తూ ఆమె రాత్రంతా కూర్చిన మాటలు మళ్ళీ మననం చేసుకుంది. అయ్యా, అమ్మా, మా బస్సులో వచ్చేవాళ్ళంతా పొద్దున్నే పని ఉన్నవాళ్ళు. అక్కడిదాకా బాగానే వచ్చింది. ఆ తర్వాత ఏది ముందు చెప్పాలో రాత్రి తేలలేదు. కునుకు కూడా పట్టలేదు. బకెట్టులో నీళ్ళు మార్చి, గుడ్డ పిండి, మళ్ళీ మొదటినుంచి అనుకుంది. అయ్యా, అమ్మా.

*

హాల్లో బల్లలు గుండ్రంగా ఉన్నాయి. ఒక్కో బల్లకి ఒక్కో సమస్య ఇచ్చారు. ఒకదానికి గ్రంథాలయం, ఒకదానికి మంచినీళ్ళు, ఈమె బల్లకి బస్సు. కుర్చీ ఎంత మెత్తగా ఉందంటే గంటక్క ముందు అంచు మీదే కూర్చుంది.

బల్ల నడిపించే అమ్మాయి పరిశోధకురాలు. చిన్నపిల్లే కానీ మాట నెమ్మది. గంటక్క మనసులోనే ఆమెకి టీచరమ్మ అని పేరు పెట్టుకుంది.

"పెద్ద ఇళ్ళవాళ్ళ మాటకి ప్రభుత్వంలో ఎక్కువ విలువ, చిన్నవాళ్ళ మాటకి తక్కువ విలువ ఉంటోందని చాలా దేశాల్లో తేలింది," అంది టీచరమ్మ. "అందర్నీ ఒకే బల్ల చుట్టూ, ఒకేలాంటి కుర్చీల్లో కూర్చోబెట్టి, అందరికీ సమానంగా సమయం ఇస్తే ఏమవుతుందో చూడటమే మా పని. నేను ఎవరి పక్షమూ కాదు. మధ్యలో కలగజేసుకోను. మీరే మాట్లాడుకోవాలి."

బల్ల చుట్టూ ఐదుగురు. రిటైరైన ఇంజినీరుగారు తెల్లటి జుట్టు దువ్వుకుని, శాలువా మడిచి కుర్చీకి వేసుకున్నాడు. మందుల షాపాయన మాటిమాటికీ ఫోన్ తిరగేస్తున్నాడు. ఒక కాలేజీ పిల్ల. గంటక్క పక్కన కళ్ళద్దాల ఆవిడ. ఆవిడే మొదట పలకరించింది.

"మీరు ఏ బస్సు?"

"తెల్లవారుజాముది. మీరు?"

"మధ్యాహ్నంది. మా బాబు నడవలేడండీ. చక్రాల కుర్చీ. వాడి బడికి పోయేది అదొక్కటే, దానికే కుర్చీ ఎక్కించే పలక ఉంది."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ తర్వాత ఇద్దరూ టీ కప్పుల వైపు చూశారు.

మాట్లాడే ముందు వివరాలు వినాలన్నారు. మునిసిపాలిటీ నుంచి ఒకాయన వచ్చి తెర మీద గీతలు చూపించాడు. ఎర్ర గీత ఒక బస్సు, పచ్చ గీత ఒక బస్సు. తెర బాగా కనబడాలని దీపాలు తగ్గించారు. చల్లటి గాలి. ఆయన గొంతు ఎత్తూ పల్లం లేకుండా సాగుతోంది. గంటక్క కుర్చీలో కాస్త వెనక్కి జరిగింది. అయ్యా, అమ్మా, అనుకుంది. ఎర్ర గీత వంతెన దిగుతోంది.

కళ్ళు తెరిచేసరికి దీపాలు వెలుగుతున్నాయి. చెంప కింద మెత్తగా ఏదో ఉంది. ఇంజినీరుగారి శాలువా. ఎండ మొహాన పడకుండా ఆమె వైపు కిటికీ తెర లాగి ఉంది. టీ కప్పు మీద చల్లారకుండా సాసరు మూత పెట్టారు. అవతల మనుషులు లేచి సంచులు సర్దుకుంటున్నారు.

"లేచారా?" అన్నాడు ఇంజినీరుగారు నవ్వుతూ. "పాపం, ఎంత అలిసిపోయారో. లేపబుద్ధి కాలేదమ్మా."

"నా వంతు..."

"అయిపోయిందండీ," అన్నాడు షాపాయన. "అందరం చెప్పేశాం. మీ దగ్గరకొచ్చేసరికి మీరు మంచి నిద్రలో ఉన్నారు. సరే పడుకోనివ్వండి అనుకున్నాం."

గోడకి కట్టిన తెల్ల బోర్డు మీద రెండు గడులు ఉన్నాయి. మధ్యాహ్నం బస్సు గడి నిండా మాటలు. తెల్లవారుజాము బస్సు గడిలో ఏమీ లేదు.

గంటక్క టీచరమ్మ వైపు చూసింది. టీచరమ్మ తల దించుకుని కలం మూత పెట్టుకుంటోంది. కళ్ళద్దాల ఆవిడ అప్పటికే తలుపు దాటింది.

*

ఇంటికొచ్చాక గంటక్క గుమ్మంలోనే కూలబడింది. భర్త పెయింటరు. చేతులకంటిన రంగు కిరోసిన్ గుడ్డతో తుడుచుకుంటున్నాడు. లోపల అత్తగారు దేవుడి ముందు కళ్ళు మూసుకుని ఉంది. ఏడాది మొత్తంలో ఒక్క పూట కూడా ఆ వేళ తప్పించని మనిషి.

జరిగింది విని భర్త ముందు నవ్వాడు. "ఊరందర్నీ లేపేదాన్ని లేపే నాథుడు లేకపోయాడా?" ఆమె మొహం చూసి ఆ నవ్వు మానేశాడు. "అయినా శాలువా ఇచ్చారంటున్నావు. మంచివాళ్ళే."

"మంచివాళ్ళే. అందుకే ఏమనాలో తెలీడం లేదు. తిడితే తిరిగి తిట్టేదాన్ని."

"రేపు చెప్పుకోవచ్చుగా?"

"రేపు ప్రశ్నలేనట. ఒక్కొక్కరూ ఒక్క ప్రశ్న అడగొచ్చు, అంతే. తర్వాత చేతులెత్తడం."

అత్తగారు కళ్ళు తెరిచి ఇటు తిరిగింది. "బస్సులోవాళ్ళకి చెప్పావా?"

"ఏమని చెప్పను అత్తయ్యా? మీ పని చూడమంటే పడుకున్నానని చెప్పనా?"

"అదే చెప్పు. దేవుడైతే అడక్కుండానే తెలుసుకుంటాడు. మనుషులకి చెబితేగాని తెలీదు." అత్తగారు దేవుడి ముందు నుంచి లేచింది. "నాకు ఒకటే అర్థం కాదు. అందరికీ సమానంగా మాట్లాడే అవకాశం ఇచ్చామంటున్నారు కదా, మాట్లాడలేని మనిషి ఎదురుగా కనబడుతుంటే ఏం చేయాలో వాళ్ళకెవరూ చెప్పలేదా?"

 భర్త కిరోసిన్ గుడ్డ మడిచి కిటికీలో పెట్టాడు.

*

మర్నాడు బస్సు కదలకముందే గంటక్క నడవాలో నిలబడి చెప్పేసింది. దాచి కూర్చుంటే వంతెన దాకా కూడా ఊపిరాడేలా లేదు.

 లాండ్రీ పిల్ల కిటికీ వైపు తిరిగింది. వెనక సీట్లోంచి ఒకతను, "మెత్తటి కుర్చీ కదక్కా, ఎవరికైనా పడుతుంది నిద్ర," అన్నాడు. అతని గొంతులో నవ్వు లేదు. వాచ్‌మన్ తాత, "పోనీలేరా," అన్నాడు గాని, ఎవరిని పోనీమంటున్నాడో తెలియలేదు.

బేకరీ పిన్ని మాత్రం ఆమెనే చూస్తోంది. "అంతమంది ఉండి ఒక్కరూ లేపలేదా?"

"పాపం అనుకున్నారట పిన్నీ."

"పాపం అనుకుంటే లేపాలి కదే."

పిన్ని ఆ మాట విసురుగా అనలేదు. తనకి తనే అనుకున్నట్టు అంది. గంటక్క కడ్డీ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నిన్న ఆ శాలువాలో మొహం దాచుకోవాలని ఎందుకనిపించిందో ఆమెకి ఇప్పుడు తెలిసింది. కూర్చి పెట్టుకున్న మాటలన్నీ పోయాయి. అయ్యా, అమ్మా కూడా పోయాయి. ఒకే ఒక్కటి మిగిలింది.

*

రెండో రోజు హాల్లో ఆమె కుర్చీ అంచు మీద కూర్చోలేదు. వెనక్కి ఆనుకుని, కాళ్ళు నేలకి బలంగా తన్నిపెట్టి కూర్చుంది.

"అమ్మా, నిన్న నా వంతు పోయింది. అది నాకు కావాలి," అంది టీచరమ్మతో.

టీచరమ్మ మొహం ఎర్రబడింది. "నాకూ ఇవ్వాలనే ఉందండీ. కానీ ఒక బల్లకి ఒక పద్ధతి, ఇంకో బల్లకి ఇంకో పద్ధతి పెడితే మా పరిశోధన చెల్లదు. మీకు ప్రశ్న ఉంది. అడగండి."

"ప్రశ్న మాత్రమేనా?"

"ప్రశ్న మాత్రమే. ఎవరిని అడిగితే వాళ్ళు జవాబు చెప్పాలి. ఎంతసేపైనా చెప్పవచ్చు."

ఇంజినీరుగారు బస్సు మరమ్మతుల గురించి అడిగాడు. షాపాయన పాసుల గురించి అడిగాడు. కాలేజీ పిల్ల ఏదో అడగబోయి మానేసి, మళ్ళీ అడిగింది. మునిసిపాలిటీ ఆయన జవాబులు చెప్పాడు. అన్నీ చకచకా సాగిపోయాయి. గంటక్క వంతు వచ్చింది. బల్ల మీద అరచేతులు రెండూ పెట్టింది. బ్లీచింగు నీళ్ళకి వేళ్ళ చివర్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఆ చేతుల్ని దాచుకోవాలని ఒక్క క్షణం అనిపించి, దాచుకోలేదు.

"నా ప్రశ్న ఈ బల్ల దగ్గర ఉన్నవాళ్ళకి. నన్నెందుకు లేపలేదు?"

షాపాయన ఫోన్ బోర్లా పెట్టాడు. ఇంజినీరుగారు గొంతు సవరించుకున్నాడు.

"చెప్పాను కదమ్మా. అలిసిపోయి ఉన్నారని."

"అలిసిపోయాను నిజమేనండీ. శాలువా ఇచ్చారు. నేను తిట్టడం లేదు, మీరు నాకు మంచే చేశారు. కానీ నేను నిద్ర కోసం ఇక్కడికి రాలేదు. ఆ సంగతి మీకు తెలుసు. మీ వంతు వచ్చినప్పుడు మీరు కునుకు తీస్తుంటే మిమ్మల్ని అలాగే పడుకోనిచ్చేవాళ్ళా?"

ఇంజినీరుగారు జవాబు చెప్పబోయి ఆగాడు. నిజంగా ఆలోచిస్తున్న మనిషిలా కళ్ళు పక్కకి తిప్పాడు. "లేపేవాళ్ళేమో," అన్నాడు చివరికి. "సార్, మీ వంతు అని లేపేవాళ్ళు."

"నాకు అసలు తోచలేదండీ," అన్నాడు షాపాయన. "మీరేం చెప్తారులే అనుకున్నానేమో. అంతే. ఇందులో దాచేదేం లేదు." అనేసి, తన మాట తనకే మొరటుగా వినిపించిందేమో, మంచినీళ్ళ సీసా తీసి ఆమె వైపు జరిపాడు.

కాలేజీ పిల్ల తల దించుకుంది. "అందరూ పెద్దవాళ్ళు ఊరుకున్నారని నేనూ ఊరుకున్నా ఆంటీ."

మిగిలింది కళ్ళద్దాల ఆవిడ. గంటక్క ఆవిడ వైపు చూడలేదు. చూడకపోయినా ఆవిడ కుర్చీ కాస్త కదలడం తెలిసింది.

"నేను లేపబోయాను," అంది ఆవిడ. "చెయ్యి కూడా చాపాను. మీ భుజం దాకా వచ్చింది. అప్పుడు మా వాడు గుర్తొచ్చాడు. మీరు లేచి మాట్లాడితే ఈ బల్ల మీ వైపు తిరిగిపోతుందేమో అనిపించింది." ఆవిడ కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకుంది. "చెయ్యి వెనక్కి తీసుకున్నాను. తీసుకుని, మీ కప్పు మీద మూత పెట్టాను."

టీచరమ్మ రాస్తున్నది ఆపింది. హాల్లో అవతలి బల్ల దగ్గర ఎవరో పెద్దగా నవ్వుతున్నారు. 

"ఇంకెవరి ప్రశ్న మిగిలింది?" అంది టీచరమ్మ కాసేపటికి.

"నాది," అంది కళ్ళద్దాల ఆవిడ. కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని గంటక్క వైపు పూర్తిగా తిరిగింది. "ఈవిడని అడుగుతున్నాను. మీ బస్సులో ఎవరెవరు వస్తారు?"

ఇంజినీరుగారు, "అది నిన్నటి..." అని మొదలుపెట్టాడు. టీచరమ్మ ఆయన వైపు చూసి, "ప్రశ్నే కదండీ. పద్ధతి ప్రకారమే ఉంది," అంది.

 గంటక్కకి కూర్చి పెట్టుకున్నదేదీ గుర్తు లేదు. కళ్ళు మూసుకుంది. మూసుకుంటే సీట్లు కనిపించాయి. డ్రైవరు వెనక సీటు నుంచి మొదలుపెట్టింది. ఆస్పత్రి దుప్పట్లు ఉతికే పిల్ల అక్కడ కూర్చుంటుందని, ఆ పిల్ల వెళ్ళకపోతే వార్డులో మంచాలకి దుప్పట్లుండవని చెప్పింది. తాకితే ఉలిక్కిపడే తాత గురించి, అతను కాపలా కాసే గిడ్డంగి గురించి చెప్పింది. ఊరు లేవకముందే పొయ్యి వెలిగించే పిన్ని గురించి, ఆమె మోకాళ్ళ గురించి చెప్పింది. మధ్యలో సీసాలో నీళ్ళు తాగి మళ్ళీ చెప్పింది. నేల ఆరడానికి ఎంతసేపు పడుతుందో చెప్పింది.

"ఆ బస్సు పోతే మేం ఎక్కడికీ పోం. ఇంట్లో కూర్చుంటాం. అంతే." కళ్ళద్దాల ఆవిడనే చూస్తూ అంది. "మీ బాబు బస్సు పోవాలని నేననలేను. నా నోటితో రాదు. మా బస్సు ఉండాలని మాత్రం అనగలను."

"చాలు," అంది ఆవిడ. "నేనడిగింది అదే."

చేతులెత్తమన్నారు. మధ్యాహ్నం బస్సు ఉంచాలన్నవాళ్ళు ముందు. ఇంజినీరుగారు ఎత్తాడు, కళ్ళద్దాల ఆవిడ ఎత్తింది. తెల్లవారుజాము బస్సుకి కాలేజీ పిల్ల ఎత్తింది. షాపాయన అటూ ఇటూ చూసి, "మా షాపు ముందు ఊడ్చే మనిషి కూడా అందులోనే వస్తుందనుకుంటా. నేనెప్పుడూ అడగలేదు," అని ఎత్తాడు.

అందరూ గంటక్క వైపు చూశారు. ఆమె చెయ్యి ఒళ్ళోనే ఉంది. దేనికోసం వచ్చిందో అది ఒక్క చెయ్యి ఎత్తితే అయిపోతుంది. ఆ చెయ్యి ఎత్తితే పక్కన కూర్చున్న మనిషి కొడుకు రేపట్నుంచి ఇంట్లో ఉంటాడు. ఇంత దగ్గరగా కూర్చోబెట్టకపోతే ఎంత సులువుగా ఎత్తేదో.

"ఎత్తండి," అంది కళ్ళద్దాల ఆవిడ మెల్లగా. "మీరు దానికోసమే వచ్చారు. నేను నాకోసం ఎత్తలేదా?"

గంటక్క చెయ్యెత్తింది. టీచరమ్మ రాసుకుని, "దించవచ్చండీ," అంది. గంటక్క వినిపించుకోలేదు. రెండోసారి చెప్పాక దించింది.

బయట మెట్ల దగ్గర టీచరమ్మ వెనకాలే వచ్చింది. "మీరడిగిన ప్రశ్న మా పరిశోధనలో రాస్తాను," అంది.

"రాయండమ్మా. ఇంకోటి కూడా రాయండి. రెండింట్లో ఒకటే ఉండాలని మొదట అన్నదెవరో మా బల్ల దగ్గర ఒక్కరం కూడా అడగలేదు. నేనూ అడగలేదు. నాకొక్క ప్రశ్నే ఇచ్చారు."

టీచరమ్మ ఏదో చెప్పబోయింది. గంటక్క ఆగలేదు. కళ్ళద్దాల ఆవిడ అప్పుడే గేటు దాటుతోంది. పరుగులాంటి నడకతో వెళ్ళి కలుసుకుంది. ఇద్దరూ గోడ వారగా నిలబడి చాలాసేపు మాట్లాడుకున్నారు.

*

తెల్లవారుజాము బస్సు దక్కిందన్న కబురు గంటక్క కన్నా ముందే స్టాపుకి చేరింది. మర్నాడు ఆమె వచ్చేసరికి జనం చుట్టుముట్టారు. నిన్న మెత్తటి కుర్చీ అన్నతను ఆమె చేతిలోని సంచి లాక్కుని తనే పట్టుకున్నాడు. కండక్టరు బాబాయి, "ఇవాళ గంటక్కకి టిక్కెట్టు లేదు," అని, "రేపు మాత్రం ఉంది," అన్నాడు. అందరూ నవ్వారు. బేకరీ పిన్ని నిన్న పని నుంచి తెచ్చిన బన్ను కాగితంలో చుట్టి ఆమె చేతిలో పెట్టింది.

గంటక్క బన్ను తినలేదు. కాగితం విప్పకుండా అలాగే పట్టుకుంది.

"ఏమే, ఏడ్చేలా ఉన్నావేంటి? గెలిచాం కదా."

"గెలిచాం పిన్నీ. మధ్యాహ్నం బస్సు పోయింది."

"పోతే పోయింది. ఏదో ఒకటి పోవాలన్నారుగా."

"అందులో ఒక పిల్లాడు వెళ్తాడు. నడవలేడు. చక్రాల కుర్చీ ఎక్కించే పలక దానికే ఉందట." గంటక్క నిదానంగా చెప్పింది. ఆ తల్లి చెయ్యి చాపి వెనక్కి తీసుకున్న సంగతి, తర్వాత తన ప్రశ్నని గంటక్క కోసం ఖర్చు పెట్టిన సంగతి, చెయ్యెత్తమని ఆవిడే చెప్పిన సంగతి. "వచ్చేవారం ఆవిడ మునిసిపాలిటీకి వెళ్ళి, రెండు బస్సులూ ఎందుకుండకూడదని అడుగుతుందట. నేనూ వస్తానన్నాను."

"మనం వెళ్తే మన బస్సు తీసేస్తారేమో అక్కా," అంది లాండ్రీ పిల్ల.

ఆ మాటకి నవ్వులు ఆగిపోయాయి. సంచి పట్టుకున్నతను దాన్ని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. "మనకి దక్కిందేదో దక్కింది. మళ్ళీ కెలకడం దేనికక్కా?" అన్నాడు. వాచ్‌మన్ తాత నేల చూస్తున్నాడు.

"మిమ్మల్ని రమ్మనలేదు," అంది గంటక్క. "చెప్పకుండా వెళ్తే బాగుండదని చెప్తున్నా."

డ్రైవరు ఇంజను ఆన్ చేశాడు. ఒక్కొక్కరే ఎక్కడం మొదలుపెట్టారు. బేకరీ పిన్ని మాత్రం మెట్టు మీద చెయ్యి వేసి, ఎక్కకుండా నిలబడింది. వెనక ఉన్నవాళ్ళు, "ఎక్కు పిన్నీ," అంటున్నా కదల్లేదు.

"ఆ పిల్లాడి బడి ఎక్కడన్నావ్?"

"నేనెక్కడా అనలేదు పిన్నీ."

"అయితే చెప్పు. మునిసిపాలిటీకి ఏ రోజు వెళ్ళాలో అదీ చెప్పు."